అరవై ఏళ్ల ముందుచూపు

పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎముక కేన్సర్ అని తేలినప్పుడు ఇంటిల్లిపాదీ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతారు: బతుకుతాడా? ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ పిల్లాడు డెబ్భై నాలుగేళ్ల ముసలివాడయ్యే అవకాశం ఇవాళ నిజంగా ఉంది కాబట్టి, అదే రోజు రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ అరవై ఏళ్లూ ఏ కాలితో నడుస్తాడు, ఏ గుండెతో మెట్లెక్కుతాడు, ఏ చెవులతో పాఠం వింటాడు? ఈ అధ్యాయం ఆ రెండో ప్రశ్న గురించి. దానికి జవాబిచ్చే నిర్ణయాలు చాలావరకు మొదటి కొద్ది వారాల్లోనే జరిగిపోతాయి. అప్పుడు అడగకపోతే తర్వాత అడిగినా ప్రయోజనం లేనివి వాటిలో ఉన్నాయి.

పిల్లల్లో వచ్చే ఎముక కేన్సర్లలో ముఖ్యమైనవి రెండు. ఆస్టియోసార్కోమా ఎక్కువగా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్య, పిల్లలు గబగబా పొడుగయ్యే వయసులో, మోకాలికి కాస్త పైనో కిందో, లేదంటే భుజం దగ్గరో వస్తుంది. యూయింగ్ సార్కోమా కటి ఎముకలోనూ, పక్కటెముకల్లోనూ, పొడుగు ఎముకల నడిమి భాగంలోనూ కూడా కనిపిస్తుంది. ఒక్కోసారి దీనితో జ్వరం కూడా వస్తుంది. దాంతో ఎముకకు చీము పట్టిందనుకుని వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడిస్తారు.

మొదటి నెల

నొప్పి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎక్కువ కాలం పోయేది ఇక్కడే. ఎదిగే పిల్లల కాళ్లనొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తాయి, సాయంత్రం వచ్చి తెల్లారేసరికి పోతాయి, వాపు ఉండదు, మర్నాడు పిల్లాడు మామూలుగా ఆడుకుంటాడు. ఒకే కాలిలో, ఒకే చోట, రోజురోజుకీ పెరిగే నొప్పి వేరు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, విశ్రాంతి తీసుకున్నా తగ్గని నొప్పి, పైకి తెలిసే వాపు, కుంటి నడక: వీటిలో ఏది రెండు మూడు వారాలు దాటినా ఎక్స్‌రే తీయించండి. ఆటల్లో దెబ్బ తగిలిందని పిల్లాడు చెప్పినా సరే తీయించండి. దెబ్బ వల్ల కేన్సర్ రాదు కానీ, దెబ్బ తగిలిన రోజే దాన్ని మొదటిసారి గమనించడం చాలా ఇళ్లలో జరుగుతుంది.

మన ప్రాంతంలో ఎముక అనగానే చాలామందికి పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. తరతరాల నమ్మకం అది, దాన్ని ఇక్కడ తీసిపారేయడం లేదు. అడిగేది ఒక్కటే. ఏ కట్టు కట్టించే ముందైనా, ఏ నూనెతో మర్దన చేయించే ముందైనా ఒక్క ఎక్స్‌రే చూపించండి. గడ్డ తినేసిన ఎముక మర్దనకే విరిగిపోవచ్చు, చేతిలో ఉన్న వారాలూ కరిగిపోతాయి. చిన్నగా జారిపడినందుకే తొడ ఎముక విరిగిందంటే కూడా అనుమానించాలి. విరిగిన చోట గడ్డ ఉందేమో చూడకుండా రాడ్ వేస్తే, కేన్సర్ కణాలు ఎముక పొడవునా పాకే ప్రమాదం ఉంది.

ఎక్స్‌రేలో అనుమానం కనిపిస్తే తర్వాతి మెట్టు ఎంఆర్ఐ, ఛాతీ సీటీ స్కాన్, ముక్క పరీక్ష. ఈ ముక్క పరీక్షను ఊళ్లో ఎవరో ఒకరి చేత చేయించేసి, రిపోర్టు పట్టుకుని పెద్దాస్పత్రికి పోదాం అనుకోవద్దు. సూది వెళ్లిన దారి పొడవునా కేన్సర్ కణాలు ఉండిపోవచ్చు కాబట్టి, రేపు అసలు ఆపరేషన్లో ఆ దారిని కూడా కోసి తీసేయాలి. అందుకే ఆ ఆపరేషన్ చేయబోయే బృందమే ముక్క తీయాలి. తప్పు చోట పెట్టిన ఒక్క కోత వల్ల, దక్కవలసిన కాలు దక్కకుండా పోయే పరిస్థితి వస్తుంది. మొదటి నెలలో తల్లిదండ్రులు ఒక్క విషయంలోనే పట్టుబట్టగలిగితే ఈ విషయంలో పట్టుబట్టాలి.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి, నిమ్స్, బసవతారకం ఆస్పత్రి ఉన్నాయి. విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా ఎముక కేన్సర్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్, పిల్లల కేన్సర్ వైద్యుడు ఒకే చోట కూర్చుని మాట్లాడుకుంటారా అని అడగండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ కేన్సర్ చికిత్సకు వర్తిస్తోంది, ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. కృత్రిమ కీలు ఖర్చులో ఎంత వస్తుంది, ఎంత రాదు అన్నది ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

మందు, విరుగుడు

1970లకు ముందు ఈ జబ్బుకు ఉన్న వైద్యం కాలు తీసేయడమే. తీసేసినా ప్రతి ఐదుగురిలో నలుగురికి జబ్బు మళ్లీ, ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, బయటపడి ప్రాణం పోయేది. కాలు తీసే నాటికే కంటికి కనిపించని కణాలు రక్తంలో కలిసిపోయి ఉండటమే అందుకు కారణం. కీమో వచ్చాకే ఆ లెక్క మారింది. అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ కొడుకుకు 1973లో, పన్నెండేళ్ల వయసులో, ఎముక కేన్సర్ వల్ల కుడికాలు తీసేశారు. తర్వాత దాదాపు రెండేళ్లు అప్పటికింకా ప్రయోగ దశలో ఉన్న మెథోట్రెక్సేట్ ఎక్కించారు. ఆ పిల్లాడు పెద్దవాడై లాయరయ్యాడు, 2014లో కనెక్టికట్ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు. అతనికి కాలు తీసేసిన నాలుగేళ్లకు, 1977లో, కెనడాలో పద్దెనిమిదేళ్ల టెర్రీ ఫాక్స్‌కూ కాలు తీసేసి కీమో ఇచ్చారు. 1980లో అతను కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తి కేన్సర్ పరిశోధనకు నిధులు పోగుచేశాడు. జబ్బు ఊపిరితిత్తుల్లో తిరగబెట్టి 1981లో, ఇరవై రెండేళ్లకే పోయాడు. ఆ తరంలో గెలుపూ ఓటమీ అంత పక్కపక్కనే ఉండేవి.

ఆ మెథోట్రెక్సేట్ మనవాడి ప్రయోగశాల నుంచి వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో, ఆయన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని, తర్వాత దాన్ని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త కేన్సర్‌ను కొంతకాలం అణచగలిగానని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఆస్టియోసార్కోమాకు మూల మందుల్లో ఒకటి. ప్రాణం తీసేంత మోతాదులో దాన్ని ఎక్కించి, ఇరవై నాలుగు గంటల తర్వాత ఫోలిక్ ఆమ్లం కుటుంబానికే చెందిన ఫోలినిక్ యాసిడ్‌తో మామూలు కణాలను కాపాడతారు. మీ బిడ్డ మంచం పక్కన వేలాడే పసుపుపచ్చ సీసాకు ఆ చరిత్ర ఉందని పిల్లాడికి చెప్పండి. ఆ వయసు పిల్లలకు ఇలాంటి కథ ధైర్యం ఇస్తుంది.

ఆ మందు ఎక్కించే రోజుల్లో ఒక జాగ్రత్త ప్రాణంతో సమానం. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, సెప్ట్రాన్, గ్యాస్‌కి వేసుకునే ఒమెప్రజోల్ జాతి మాత్రలు మెథోట్రెక్సేట్‌ను ఒంట్లోంచి బయటికి పోనివ్వవు. మెడికల్ షాపులో తెచ్చిన ఏ మాత్రా వార్డు డాక్టరును అడగకుండా వేయొద్దు. రక్తంలో ఆ మందు ఎంత ఉందో కొలిచే సదుపాయం లేనిచోట దాన్ని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మన దేశంలో కొన్ని పెద్ద ఆస్పత్రులు దాని బదులు ఐఫోస్ఫమైడ్ వాడతాయి. మీ బిడ్డకు మెథోట్రెక్సేట్ ఇవ్వలేదంటే వైద్యం తక్కువైందని అర్థం చేసుకోకండి.

2005 నుంచి 2011 వరకు 17 దేశాల్లో 2,260 మంది ఆస్టియోసార్కోమా రోగులను చేర్చుకున్న యూరామోస్ అధ్యయనంలో, ఐదేళ్ల తర్వాత 71 శాతం మంది బతికి ఉన్నారు. మొదట్లోనే జబ్బు ఊపిరితిత్తులకు పాకినవాళ్లలో ఆ శాతం బాగా తక్కువ, అయినా వాళ్లలోనూ ఊపిరితిత్తుల్లోని మచ్చలను ఆపరేషన్‌తో తీసేశాక పూర్తిగా కోలుకున్నవాళ్లు ఉన్నారు. ఆపరేషన్లో తీసిన గడ్డలో కణాలు 90 శాతానికి మించి చచ్చిపోయి ఉంటే మందు బాగా పనిచేసిందని లెక్క. కణాలు అలా చావనివాళ్లకు ఇంకో రెండు మందులు కలిపితే మేలు జరుగుతుందా అని అదే అధ్యయనం పరీక్షించింది. జరగలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. ‘ఇంకా స్ట్రాంగ్ మందు లేదా సార్’ అని అడిగే ప్రతి తండ్రీ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కీమో జరిగే ఏడెనిమిది నెలల్లో మీరు భయపడాల్సింది జ్వరానికి. తెల్ల కణాలు పడిపోయినప్పుడు 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి పొద్దున్నే చూద్దామనుకోకండి. అర్ధరాత్రైనా బయల్దేరండి. దగ్గరలో యాంటీబయాటిక్ సెలైన్ పెట్టగల ఆస్పత్రి ఏదో మొదటి కీమోకి ముందే తెలుసుకుని, ఆ చిరునామా తలుపు వెనక అంటించుకోండి.

మొదటి సెలైన్ పెట్టకముందు

ముందు నేను చెప్పిన ‘తర్వాత అడిగినా ప్రయోజనం లేనివి’ ఇవే.

యవ్వనంలోకి అడుగుపెట్టిన మగపిల్లాడైతే వీర్యాన్ని భద్రపరచడం గురించి కీమో మొదలవకముందే అడగండి. ఐఫోస్ఫమైడ్, సైక్లోఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్ సంతానశక్తిని దెబ్బతీయగలవు. ఈ మాట మన ఇళ్లలో నోటికి రాదు. తండ్రికి కష్టంగా ఉంటే మేనమామకో డాక్టరుకో వదిలేయండి, కానీ సిగ్గు పేరుతో వదిలేయకండి. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు ‘ఆ రోజు నన్నెందుకు అడగలేదు’ అని కొడుకు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఆడపిల్లలకు అండాశయాన్ని కాపాడే మార్గాలు కొన్ని పెద్ద కేంద్రాల్లోనే ఉన్నాయి. కటిభాగానికి రేడియేషన్ ఇవ్వబోతుంటే మాత్రం ఆ సంగతి తప్పక అడగాలి.

రెండోది వినికిడి పరీక్ష. సిస్‌ప్లాటిన్ ముందుగా పైస్థాయి శబ్దాలను మింగేస్తుంది. పిల్లాడికి మాట వినిపిస్తుంది కానీ ‘స’, ‘ష’ వంటి అక్షరాలు జారిపోతాయి. క్లాసులో వెనకబడితే శ్రద్ధ లేదని తిడతారు. కీమోకి ముందు ఒకసారి, మధ్యమధ్యలో, అయిపోయాక మళ్లీ పరీక్ష జరగాలి. మూడోది గుండెకు ఎకో పరీక్ష. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు మొదలయ్యే ముందు గుండె ఎలా ఉందో రాసి ఉంటేనే, పదేళ్ల తర్వాత ఎంత తగ్గిందో తెలుస్తుంది.

కాలు

అన్నిటికంటే ఎక్కువ కుటుంబాలు వైద్యం మధ్యలో వదిలేసేది ‘కాలు తీయాలి’ అన్న రోజున. అందుకే ఇక్కడ నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఇప్పుడు అనుభవం ఉన్న కేంద్రాల్లో ఎక్కువమందికి కాలు దక్కుతోంది. గడ్డను చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండతో సహా తీసేసి, ఖాళీలో లోహపు కీలు అమరుస్తారు. కొన్నిచోట్ల తీసిన ఎముకకే పెద్ద మోతాదు రేడియేషన్ ఇచ్చి, కేన్సర్ కణాలన్నీ చచ్చాక మళ్లీ అక్కడే బిగిస్తారు. గడ్డను పూర్తిగా తీసేయగలిగితే, కాలు ఉంచినవాళ్లకూ తీసినవాళ్లకూ బతికే అవకాశంలో తేడా కనిపించలేదు. గడ్డ నరాలనూ పెద్ద రక్తనాళాలనూ చుట్టేసినప్పుడు మాత్రం, కాలి కోసం పట్టుబట్టడమంటే ప్రాణాన్ని పందెం కాయడమే. అలాంటి చోట సర్జన్ వద్దంటే నమ్మండి. అనుమానముంటే ఎంఆర్ఐ తీసుకెళ్లి ఇంకో కేన్సర్ సర్జన్ అభిప్రాయం అడగండి. దానికి వారం పడుతుంది. చేతిమందులకని వెళ్లిపోతే తిరిగొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి, అప్పుడు సర్జన్ చేతిలోనూ ఏమీ మిగలదు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. తొడ ఎముక పెరుగుదలలో దాదాపు 70 శాతం మోకాలి దగ్గరి కొసనుంచే జరుగుతుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ కొస తీసేస్తే, ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున ఆ కాలు వెనకబడుతుంది. అందుకే చిన్నపిల్లలకు సాగదీయగల కీళ్లు వాడతారు. అవి ఖరీదైనవి, మళ్లీ మళ్లీ సర్దాలి. కొందరికి సర్జన్ రొటేషన్‌ప్లాస్టీ అనే పద్ధతి సూచిస్తాడు. మోకాలి భాగం తీసేసి, కింది కాలిని వెనక్కి తిప్పి తొడకు అతికిస్తారు. చీలమండ మోకాలిలా వంగుతుంది, పాదం కృత్రిమ కాలిలోకి దూరుతుంది. ఫొటో చూసి తల్లులు కళ్లు మూసుకుంటారు. ఆ ఆపరేషన్ అయిన పిల్లలు పరుగెత్తుతారు, సైకిల్ తొక్కుతారు, పదే పదే ఆపరేషన్ల బెడద వాళ్లకు తక్కువ. కంటికి బాగుండటమా, యాభై ఏళ్లు వాడుకోవడమా అన్న ఎంపిక వచ్చినప్పుడు నేను రెండోదాని వైపే మొగ్గుతాను. పిల్లాడికి ఊహ తెలిసిన వయసైతే అతని మాట కూడా వినాలి.

లోపల లోహం ఉన్నవాళ్లకు అది జీవితాంతం గుర్తుండాలి. ఆ చోట ఎర్రబడినా, వెచ్చగా అనిపించినా, జ్వరం వచ్చినా ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకోకుండా సర్జన్ దగ్గరికే వెళ్లాలి. కీలు అరిగి మార్చుకోవాల్సిన రోజు వస్తుందని ముందే తెలిసుంటే, అప్పుడు జబ్బు తిరగబెట్టిందని గాబరా పడరు. ఫిజియోథెరపీ రోజూ చేయాలి. ఏడ్చినా చేయించాలి. మోకాలు బిగుసుకుపోయాక కోటి రూపాయల కీలు పెట్టినా వంగదు.

జుట్టు వచ్చాక

కీమో అయిపోతుంది, జుట్టు మొలుస్తుంది, మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్తారు. మొదటి రెండు మూడేళ్లు ఊపిరితిత్తుల స్కాన్ల కోసం రెండు మూడు నెలలకోసారి భయంభయంగా వెళ్తారు. ఐదేళ్లు దాటాక మానేస్తారు. ఇక్కడే నాకు బాధ. జబ్బు తిరగబెట్టే ప్రమాదం తగ్గుతున్నకొద్దీ మందులు మిగిల్చిన ప్రమాదం పైకొస్తుంది.

అమెరికా, కెనడాల్లో 1970–86 మధ్య చిన్నతనంలో కేన్సర్ వచ్చి ఐదేళ్లు దాటి బతికినవాళ్లను ఒక పెద్ద అధ్యయనం ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పెద్దయ్యాక వాళ్లలో 62 శాతం మందికి కనీసం ఒక దీర్ఘకాలిక ఆరోగ్య సమస్య ఉంది. పావు వంతుకు పైగా మందికి అది తీవ్రమైనది. ఎముక కేన్సర్ నుంచి బయటపడినవాళ్లు ఆ ప్రమాదం అత్యధికంగా ఉన్న వర్గాల్లో ఉన్నారు. నాటి వైద్యం నేటికంటే మోటుగా ఉండేదన్నది నిజమే, అయినా మందులు చాలావరకు అవే.

గుండె సంగతి ముందు చూడండి. ఆస్టియోసార్కోమా వైద్యంలో డాక్సోరూబిసిన్ మొత్తం మోతాదు సాధారణంగా ఒంటి చదరపు మీటరుకు 450 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది. 250 దాటినవాళ్లు రెండేళ్లకోసారి, బతికున్నంతకాలం ఎకో తీయించుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె బలహీనపడటం మొదలైన చాలాకాలం వరకు మనిషికి ఏమీ తెలియదు, ఎకోలో మాత్రం తెలుస్తుంది. ఆ దశలో మందులు బాగా పనిచేస్తాయి. ఆడపిల్ల గర్భవతి అయితే గైనకాలజిస్టుకు ఈ మందు సంగతి మొదటి చెకప్‌లోనే చెప్పి ఎకో తీయించాలి. సిగరెట్, బీపీ, లావు ఈ పిల్లలకు మామూలువాళ్లకంటే ఎక్కువ చేటు చేస్తాయి.

కిడ్నీలకు ఏటా ఒక రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చాలు. దానితోపాటు కాళ్లనొప్పికి డైక్లోఫెనాక్ మాత్రలు మింగే అలవాటు ఈ పిల్లలకు అంటకుండా చూడాలి. యూయింగ్ సార్కోమాకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, ఆ చోట ఎన్నేళ్ల తర్వాతైనా కొత్త నొప్పి, కొత్త గడ్డ వస్తే వెంటనే చూపించుకోవాలి.

ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి 1991లోనే, చికిత్స ముగిసిన పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ మొదలుపెట్టింది. మీ ఆస్పత్రిలో అలాంటిది ఉందేమో అడగండి. లేకపోతే మీ ఊరి ఫిజీషియన్‌కే ఒక కాగితం మీద ఈ పరీక్షలు రాసిచ్చి, ఏడాదికోసారి ఆయన దగ్గరికి వెళ్లండి.

దాచొద్దు

పిల్లాడికి జబ్బు పేరు చెప్పొద్దని డాక్టర్లను బతిమాలే తల్లిదండ్రులు ఎక్కువ. వార్డులో పక్క మంచం పిల్లాడు మూడో రోజుకే చెప్పేస్తాడు, అప్పుడు మీ మాట మీద నమ్మకం పోతుంది. ‘నీ మోకాలి ఎముకలో గడ్డ వచ్చింది నాన్నా. దాన్ని కేన్సర్ అంటారు. దీనికి మందులున్నాయి. జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది. ఏం చేయబోతున్నారో ప్రతిసారీ నీకు ముందే చెబుతాను.’ ఇంతే చెప్పండి. చెప్పినట్టే నడుచుకోండి.

ఆడపిల్ల విషయంలో దాపరికం ఇంకా ముదురుతుంది. సంబంధాలు చెడతాయని ఫైలు అటక మీదికి, ఒక్కోసారి పొయ్యిలోకి పోతుంది. పెళ్లి మాటల్లో ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ కుటుంబం నిర్ణయించుకోండి. అబద్ధం మీద కట్టిన పెళ్లి ఆ పిల్లకే బరువవుతుందన్నది నా నమ్మకం. కానీ ఆ అమ్మాయికే తన వైద్యం గురించి తెలియకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. పిల్లలకు కూడా వస్తుందేమోనన్న భయానికి జవాబు ఉంది: ఎక్కువ కేసుల్లో ఈ జబ్బు వంశపారంపర్యం కాదు. పసితనంలో కంటి కేన్సర్ వచ్చినవాళ్లు, ఇంట్లో చిన్నవయసులోనే కేన్సర్లు వచ్చినవాళ్లు జన్యు పరీక్ష గురించి అడగాలి. కీమో తీసుకున్నవాళ్ల పిల్లల్లో పుట్టుక లోపాలు ఎక్కువగా ఉన్నట్టు పెద్ద అధ్యయనాల్లో తేలలేదు.

బడి మాన్పించకండి. ఏడాది ఆలస్యమైనా పేరు రిజిస్టరులో ఉండాలి. మెట్లెక్కలేకపోతే కింది అంతస్తులో క్లాసు అడగండి. కాలు కోల్పోయినా, కీలు వంగకపోయినా, వినికిడి తగ్గినా సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద చదువులోనూ ఉద్యోగాల్లోనూ వచ్చే సదుపాయాలకు దారి అదే. ఆ కాగితం తీసుకోవడం చిన్నతనం అనుకునే తండ్రులు, అది బిడ్డ హక్కు అని గుర్తించాలి.

చివరిగా, మీకు చేతనైన పని ఒకటి ఉంది, ఇవాళే చేయండి. ఫైలు తీయండి. అందులో జబ్బు పూర్తి పేరు, ముక్క పరీక్ష రిపోర్టు, ఇచ్చిన ప్రతి మందు మొత్తం మోతాదు, రేడియేషన్ ఇస్తే ఎక్కడ ఎంత ఇచ్చారో, అమర్చిన కీలు కంపెనీ పేరూ నంబరూ ఉన్నాయా చూడండి. డాక్సోరూబిసిన్ మొత్తం ఎన్ని మిల్లీగ్రాములో రాసి లేకపోతే, తర్వాతి చెకప్‌లో డాక్టరు చేత ఒక పేజీలో రాయించి సంతకం పెట్టించుకోండి. దాన్ని ఫొటో తీసి మీ ఫోన్లోనూ, పిల్లాడి ఫోన్లోనూ, నమ్మకమైన ఇంకొకరి ఫోన్లోనూ ఉంచండి. పద్దెనిమిదేళ్లు నిండిన రోజున అసలు ఫైలు పిల్లాడి చేతికివ్వండి.